గూడు కూల్చిన వాసన

దమయంతి తోటపాకలో చీమలకు మగవాడి శాలువా కప్పి, బెల్లం పాకం తాగించి, చెవిలో ఏవో మాటలు చెబుతోందని ఎదురింటి జగ్గమ్మ చూసి వచ్చిందట. ఆ సంగతి బోరింగు దగ్గర మా చిన్నమ్మకు చెప్పింది. చిన్నమ్మ బిందె దించకుండానే మాకు చెప్పింది. "చీమకి చెవులుంటాయేటే?" అని తను అడిగిందట. "కనబడవు గావాల. అందుకే అంతలాగ వొంగి సెప్తంది" అందట జగ్గమ్మ.

అందులో మాటలు చెప్పడం ఒక్కటే అబద్ధం. శాలువా నిజం, పాకం నిజం. అవి ఎందుకో మాత్రం జగ్గమ్మకు తెలియదు. తెలిసుంటే బోరింగు దగ్గర ఆగేది కాదు, బస్సెక్కి పలాస దాకా చెప్పుకుంటూ పోయేది.

దమయంతి మా ఊరి ఆడపిల్లే. పురుగుల మీద పెద్ద చదువు చదివి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం సంపాదించింది. ఏ పురుగు ఏ దేశంలో పుట్టింది, ఏ ఓడెక్కి ఇక్కడికి వచ్చింది, వచ్చాక ఇక్కడి పురుగుల నోటి దగ్గర కూడు ఎలా లాక్కుంది, ఆ దెబ్బకి ఏ పిట్ట కనబడకుండా పోయింది అన్నది ఆమె వెతికే విషయం. ఊళ్లో మాత్రం పురుగుల డాక్టరమ్మ అంటారు. తలలో పేలకు మందడిగిన వాళ్లు కూడా ఉన్నారు.

మా ఉద్దానం తోటలు చూసినవాళ్లకు తెలుసు. కొబ్బరి, జీడి, పనస కలిసిపోయి, ఒక చెట్టు కొమ్మ పక్క చెట్టు కొమ్మని పట్టుకుని ఉంటుంది. ఉడుత నేల మీద కాలు పెట్టకుండా నాలుగు ఊళ్లు తిరిగి రాగలదు. అలాంటి తోటల్లోకి తెల్లదోమ వచ్చింది. తెచ్చినవాడు వైకుంఠరావు.

వైకుంఠరావుకి రోడ్డు పక్కన పెద్ద నర్సరీ ఉంది. సముద్రం అవతలి దేశం నుంచి పొట్టి కొబ్బరి మొక్కలు తెప్పించాడు. అలా వచ్చిన మొక్కల్ని విడిగా పెట్టి, తెగులేమీ లేదని తేలాకే బయటికి వదలాలి. ఆయనకు అంత ఓపిక లేదు. ఆకుల అడుగున దూదిలాంటిది కనబడితే పైపు పెట్టి కడిగించాడు. అడిగినవాళ్లతో "ప్రయాణంలో పట్టిన దుమ్ము" అన్నాడు. అందరి తోటల్లోకీ ఆ దుమ్ము వెళ్లింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి కొబ్బరాకుల కింద తెల్లటి ముగ్గులు, పైన పొయ్యి మసి. కాయలు పిడికిలంత అయి రాలిపోయాయి.

అప్పుడు ఆ నర్సరీలోనే మందుల కొట్టు తెరిచాడు. దోమ ఇచ్చిన చేత్తోనే సీసా ఇచ్చాడు.

దమయంతి అన్నయ్య తవిటినాయుడు ఆ మందు డబ్బా వీపుకి కట్టుకుని చెట్టెక్కాడు. పైన గాలి తిరిగింది. మందు ముఖాన పడింది. కళ్లు తిరిగి పడిపోయాడు. చెట్టు మీంచి పడి చనిపోయాడన్నారు అందరూ. ఎందుకు పడ్డాడన్నది ఎవరూ అడగలేదు. దమయంతి అడిగింది. వైకుంఠరావు తెచ్చిన మొక్కల మీద ఈ దోమ గుడ్లు తాను కళ్లారా చూశానని పెద్ద ఆఫీసుకు వెళ్లి చెప్పింది.

"ఆ మొక్కలు ఇప్పుడెక్కడున్నాయమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"అందరి తోటల్లోనూ ఉన్నాయి."

"అయితే ఆయన దగ్గర లేవు కదా" అని ఫ్యాను వేగం పెంచుకున్నాడు.

ఆ తర్వాత దమయంతి పట్నం వెళ్లలేదు. తన పరిశోధన ఇక్కడే చేస్తానని విశ్వవిద్యాలయాన్ని ఒప్పించి, అన్నయ్య తోటలో కొబ్బరి డొక్కలు పోసుకునే పాకలో గాజు సీసాలు, చిన్న ఫ్రిజ్జు, దీపాలు పెట్టుకుంది. వదిన నాగరత్నం అన్నం తెచ్చి పెట్టేది, పెట్టి అక్కడే కూర్చునేది. పిల్లలు లేని ఇల్లు. ఇంట్లో కంటే పాకలోనే ఆవిడకు ఊపిరాడేది.

ఒకనాడు దమయంతి జీడికొమ్మ వంచి చూపించింది. ఆకులు కలిపి కుట్టిన బంతిలాంటి గూడు, దాని చుట్టూ ఎర్ర చెట్టుచీమలు. పక్క ఆకు కింద తెల్లదోమ. చీమలు దోమను తినడం లేదు. మీసాలతో మెల్లగా తడుతుంటే దోమ తీపి నీటిచుక్క వదులుతోంది, చీమ తాగుతోంది.

"పాడి ఆవుని సాకినట్టు సాకతన్నాయి, ఎదవలు" అంది నాగరత్నం. "మన చీమలే మన కొంప తీస్తన్నాయన్నమాట."

"ఆ ఆవులోంచి పులి వాసన వచ్చిందనుకో వదినా. అప్పుడేం చేస్తాయి?"

"ఆవుకి పులి వాసన ఎలగొస్తాది?"

దమయంతి ఒక సీసాలోకి గూడొకటి దించి, మూత పెట్టి, చేత్తో గట్టిగా కుదిపింది. గూడు చిరిగింది. చీమలు పిచ్చెత్తినట్టు తిరిగాయి. మూత కొంచెం తీస్తే ఘాటైన పులుపు వాసన ముక్కుకు కొట్టింది. గూడు కూలినప్పుడు చీమలు విడిచే వాసన అది. ఆ వాసన నుంచి ఆమె ఒక రసం తీసింది. చచ్చిన చీమల మీద మొలిచే బూజులోంచి ఇంకొకటి తీసింది. రెండూ బెల్లం పాకంలో కలిపి, పక్కన నలిపిన తెల్లదోమల్ని పెట్టి, ఆ వాసన తగులుతుండగా చీమలకు పట్టించింది.

"ఇది తాగుతూ ఏ వాసన పీలిస్తే, మన గూడు కూల్చింది వీడే అనుకుంటాయి."

"అనుకుని?"

"అనుకోవడం మానవు. చీమలు నోట్లోంచి నోట్లోకి తినిపించుకుంటాయి కదా, ఆ అనుకోవడం కూడా తినిపిస్తాయి. పిల్లపురుగులకి పెడతాయి. రెక్కలొచ్చి ఎగిరిపోయే రాణి దాన్ని కడుపులో పెట్టుకుని పోయి కొత్త గూడు కడుతుంది. అక్కడ పుట్టినవాళ్లకీ అదే పగ."

నాగరత్నం సీసాలో చీమల్ని వంగి చూసింది. "అచ్చం మీ అమ్మలాగన్నమాట" అంది.

దమయంతికి అన్నయ్య పోయాక అదే మొదటిసారి నవ్వొచ్చింది.

పాకం పనిచేసింది. మొదట ఒక చెట్టు మీద, తర్వాత వేరే చెట్టు మీద, తర్వాత ఏ వాసనా నేర్పని గూళ్లు పక్కన పెట్టుకుని మూడోసారి. నేర్చిన చీమలు తెల్లదోమ మీద పడి కాళ్లూ రెక్కలూ పీకి కిందికి విసిరేశాయి. నేర్వనివి పక్క కొమ్మ మీద ఎప్పటిలాగే పాలు పితుక్కున్నాయి. వానలు పడేలోగా తవిటినాయుడి తోటలో ఆకులు కడిగినట్టయ్యాయి. కొమ్మలు కలిసిన చోటల్లా ఆ పగ పక్క తోటలోకి నడిచి వెళ్లింది. మసి తగ్గిన ఆకుల మీద పాత సాలీళ్లు మళ్లీ గూళ్లు అల్లుకున్నాయి. కనబడకుండా పోయిన తేనెపిట్టలు వచ్చాయి. దమయంతి జీవితంలో అంత మంచి పని ఇంకొకటి చేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

ఆ నెలలోనే పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి వైకుంఠరావుకి సన్మానం చేశారు. బడికి మొక్కలిచ్చాడని, ఉద్యాన బంధు అని బిరుదు. సర్పంచి పోలినాయుడు దండ వేసి, శాలువా కప్పాడు. దమయంతి వెనక వరసలో కూర్చుంది. నాగరత్నం రాలేదు.

వైకుంఠరావు మైకు పట్టుకున్నాడు. మెత్తటి గొంతు ఆయనది. "ఈ తెల్లదోమ ఎక్కణ్ణించి వచ్చిందో ఆ భగవంతుడికే ఎరుక. మన తవిటినాయుడు లాంటి మంచి రైతుని కూడా పోగొట్టుకున్నాం. మూతికి గుడ్డ కట్టుకోండి, గాలివాటం చూసుకోండి అని మా కుర్రాళ్లు కొట్టులో ఎంత మొత్తుకుంటారో. వినాలి కదండీ. మన అజాగ్రత్తకి మందుని నిందిస్తే ఎలా?"

జనం తలలూపారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

దమయంతికి ఒళ్లు మండలేదు. చల్లబడిపోయింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఆయన మెడ వైపే చూస్తూ కూర్చుంది. చంపితే ఒక్కరోజు మాట. పేపర్లో ఫోటో, కూడలిలో విగ్రహం. అలా కాదు. చెట్లమ్ముకుని బతికేవాడు చెట్టు కింద నిలబడలేకపోవాలి. తన నర్సరీలో తానే గొడుగేసుకుని పరుగెత్తాలి. ఏ ఊరికి పోయినా పైన ఆకు కదిలితే గుండె ఆగాలి. ఆయన పోయాక కూడా చీమలు ఆయన్ని మరిచిపోకూడదు.

ఎండగా ఉంది. వైకుంఠరావు చెమట తుడుచుకుని శాలువా తీసి కుర్చీ మీద పడేసి భోజనాలకు వెళ్లాడు. దమయంతి చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని అందుకుంది.

తన దగ్గర చదువుకునే ఏ పిల్లవాడైనా అలాంటి గుడ్డ తెస్తే, దీన్ని నీకంటే ముందు ఎవరెవరు ముట్టుకున్నారో తేల్చుకునిరా అని వెనక్కి పంపేది. దోమ విషయంలో మూడుసార్లు సరిచూసుకున్న మనిషి శాలువా విషయంలో ఒక్కసారి కూడా చూసుకోలేదు. సరిచూసుకోవాలంటే ఇంకెవరికైనా చెప్పాలి. చెబితే ఆపుతారు.

వదిన పుట్టింటికి పోయి ఉన్న రోజుల్లోనే పాకం పెట్టింది. శాలువాతో సీసాలు కప్పింది. జగ్గమ్మ చూసింది అదే. నేర్చిన గూళ్లను తమ తోట నుంచి నర్సరీ దాకా కొమ్మల వెంట కట్టుకుంటూ పోయింది. ఎవరైనా అడిగితే దోమ కోసం అంది. అందరూ దండం పెట్టారు.

వైకుంఠరావుని పిలవాల్సిన పని పడలేదు. ఆయనే వచ్చాడు, పోలినాయుణ్ణి వెంటబెట్టుకుని.

"డాక్టరమ్మ గారూ, మీ చీమల ప్రతాపం చూద్దామని వచ్చాం. మా మందు కొట్టు మూయించేలా ఉన్నారే!" అని నవ్వాడు. "ఆ పాకం మనం సీసాల్లో పోసి అమ్మితే ఎలా ఉంటుందంటారు? పేరు మీదే పెడదాం."

"లోపలికి రండి" అంది దమయంతి. "నీడలో మాట్లాడుకుందాం."

తోట మధ్యలో పెద్ద పనసచెట్టు. దాని నిండా గూళ్లే. వైకుంఠరావు చెట్టు మొదట్లో నిలబడి, చెయ్యి చాచి మానుకి ఆనించాడు. మాను మీద బారు సాగుతున్న చీమల్లో ఒకటి ఆయన మణికట్టు మీదికెక్కింది. మీసాలు ఆడించింది. మోచేతి దాకా పోయి, ఏమీ తోచనట్టు వెనక్కి వచ్చింది. ఆయన ఉఫ్‌మని ఊదేశాడు.

"భలే సాధు జంతువులండీ" అన్నాడు.

పుట్టింటి నుంచి ఆ పూటే తిరిగొచ్చిన నాగరత్నం గొంతు అప్పుడే దారిలో వినబడింది. "ఎవులు వొచ్చినారు మా తోటలోకి? ఆ మారాజేనా? నా మొగుణ్ణి మింగింది సాలక చెట్లనీ లెక్కెట్టుకుందావనొచ్చినాడా?" చేతిలో కొబ్బరి కొట్టే కత్తి. విసవిసా నడిచి వచ్చింది. "దమయంతీ, ఈణ్ణి లోపలికెందుకు రానిచ్చినావు? బేగి బయటికి..."

పనస నీడలోకి ఒక్క అడుగు పెట్టింది.

పైన ఏదో చిటపటలాడింది. వాన చినుకులు ఆకుల మీద పడుతున్నట్టు ఉంది గాని ఆకాశంలో మబ్బు లేదు. చీమలు రాలాయి. గుప్పెళ్లు గుప్పెళ్లుగా, కొమ్మలన్నీ ఒకేసారి దులిపినట్టు రాలాయి. వైకుంఠరావు భుజం మీద పడినవి ఆయన్ని దాటి, నేల మీదికి దిగి, నాగరత్నం కాళ్ల వైపు పరుగెత్తాయి. ఆవిడ కత్తి పారేసి ముఖం చేతులతో కప్పుకుంది. కేక పెట్టడానికి నోరు తెరిస్తే నోట్లోకి పోయాయి.

దమయంతి కదలలేకపోయింది. కదిలింది వైకుంఠరావు. కండువా తీసి నాగరత్నం తల మీద కొడుతూ, జబ్బ పట్టుకుని ఎండలోకి ఈడ్చుకుపోయాడు. పోలినాయుడు కుండలో నీళ్లు తెచ్చి కుమ్మరించాడు.

"ఓలమ్మ, ఓలమ్మ" అంటూ నేల మీద దొర్లింది నాగరత్నం. తనని ఎవరు పట్టుకున్నారో చూసుకునే స్థితి కూడా లేదు.

సాయంత్రానికి ముఖం వాచి కళ్లు మూసుకుపోయాయి. పాకలో మంచం మీద పడుకోబెట్టి దమయంతి వంటసోడా నీళ్లతో తుడుస్తోంది. పాకలో చెట్టు లేదు కాబట్టి చీమలు లేవు. సీసాల్లో ఉన్నవి మాత్రం గాజు గోడలకు అతుక్కుని మంచం వైపే ఎగబాకుతున్నాయి. నాగరత్నం తడుముకుంటూ లేచి కూర్చుంది. చెయ్యి తీగ మీద ఆరేసిన శాలువాకి తగిలింది. కొసలు పట్టుకుని వేళ్లతో వెతికింది. ఒక మూల దగ్గర ఆగింది.

"ఇది మీ అన్నయ్యది."

"కాదొదినా. అలాంటివి ఊరంతా ఉంటాయి."

"సుట్ట కాల్సి సిల్లు పెడితే నానే కుట్టినాను. పసుపు దారంతోటి. సూడు."

దమయంతి చూసింది. ముదురెరుపు శాలువా మూలలో పావలా అంత పసుపు కుట్టు.

"ఉత్తమ రైతని మండలంలో కప్పినారు గదా, అప్పటిది. అప్పుడు కాడ నుండి సలికాలం వొస్తే మేవిద్దరం ఇదే కప్పుకునేవోళ్లం. జరీ గుచ్చుకుంటందని నానంటే, సన్మానం కదేటే, కుసింత గుచ్చుకుంటాది అనీవోడు." నాగరత్నం శాలువాని వాచిన ముఖానికి ఆనించుకుంది. "ఆయన పోయినాక పదకొండు రోజులూ దీంట్లోనే పడుకున్నాను. పన్నెండో నాడు ఆయన బట్టలన్నీ సాకలి సింహాద్రికి ఇచ్చీవలె గదా. ఇదీ ఇచ్చీసినాను. ఇవ్వననకూడదు గదా."

చచ్చిపోయినవాళ్ల బట్టలు చాకలికి ఇవ్వడం మా ఆచారం. సింహాద్రి దాన్ని ఉతకలేదు, జరీ శాలువా నీళ్లలో పెడితే పాడైపోతుంది. ఇస్త్రీ చేసి దాచాడు. సన్మానం నాడు పోలినాయుడు ఒక శాలువా ఉంటే చూడరా అని కబురు పెడితే ఇదే మడత పెట్టి ఇచ్చాడు. మా ఊళ్లో సన్మానానికి కొత్త శాలువా కొన్నవాడు లేడు. ఉన్న నాలుగూ భుజాలు మారుతుంటాయి. అది అందరికీ తెలిసిన సంగతే. పట్నంలో చదువుకున్న దమయంతికీ తెలుసు. పగ పట్టిన రోజున గుర్తు రాలేదు, అంతే.

వైకుంఠరావు దాన్ని చొక్కా మీద అరగంట వేసుకున్నాడు. చీమలు చదువుకున్నది ఆయన్ని కాదు. ఏళ్ల తరబడి ఒకే దుప్పటి కింద పడుకున్న ఆలుమగల్ని చదువుకున్నాయి. అందులో ఒకరు లేరు. ఉన్న మనిషి ముఖం ఇదిగో.

"ఇదిక్కడికి ఎలగొచ్చింది?" అని అడిగింది నాగరత్నం.

"సభలో కుర్చీ మీద వదిలేశారు. సీసాల మీద కప్పడానికి బాగుంటుందని తెచ్చాను."

"పోన్లే. మీ అన్నయ్య సొమ్ము నీ కాడికే వొచ్చింది" అని నాగరత్నం శాలువా మడిచి చంకలో పెట్టుకుని, దమయంతి చెయ్యి పట్టుకుని చెట్లు లేని గట్టు దారిన ఇంటికి తీసుకుపోయింది. ఆ రాత్రి నుంచి మళ్లీ దాన్నే కప్పుకుంది. దమయంతి వద్దనలేకపోయింది. వద్దంటే ఎందుకో చెప్పాలి.

తర్వాత ఆమె చేయని ప్రయత్నం లేదు. వదిన చేత కుంకుడురసంతో స్నానాలు చేయించింది, వేపనూనె పూయించింది, తిండి మార్పించింది. చెమట మారలేదు. చీమలకు ఆవిడ చీర పెట్టి ఉత్త తేనె తాగించింది. తేనె తాగాయి, చీర కొరికాయి. చివరికి ఒక పొద్దున కిరసనాయిలు డబ్బా, కాగడా తీసుకుని పనసచెట్టు దగ్గరికి పోయింది. నాగరత్నం ఎండలో, తోటగట్టు బయట నిలబడి అరిచింది.

"ఏటి సేస్తన్నావు?"

"కాల్చేస్తాను. గూళ్లన్నీ కాల్చేస్తాను వదినా."

"కాలిస్తే?"

"నువ్వు లోపలికి రావచ్చు."

"దోమ?"

దమయంతి తలెత్తి మసి లేని ఆకుల వైపు చూసింది.

"దోమ తిరిగొస్తాది గదా. ఆయన చెట్లు మళ్లీ నల్లబడతాయి. ఆయన ఎక్కి పడ్డది వాటికోసం. నాను రాకపోతే ఏటి, గట్టు మీంచి సూసుకుంటాను. దించు ఆ కాగడా." మళ్లీ తనే అంది, "అయినా నామీదే ఎందుకు పడతన్నాయే అవి?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

వానాకాలంలో రెక్కల రాణులు ఎగిరాయి. మరో నాలుగు ఊళ్లకు దోమ విరగడైంది. మరో నాలుగు ఊళ్లలో నాగరత్నానికి దారి మూసుకుపోయింది. ఆవిడ జీడిపిక్కల పనికి పోలేదు, బస్సు కోసం రోడ్డు నడిమధ్య నిలబడింది, డ్రైవర్లు తిట్టారు. పక్కన నడిచినవాళ్ల మీద కూడా చీమలు పడుతున్నాయని ఆడవాళ్లు ఆవిడతో నడవడం మానేశారు. జగ్గమ్మకు మళ్లీ చేతినిండా పని దొరికింది. తవిటినాయుడే చీమలై వచ్చి పెళ్లాన్ని తోటలో అడుగు పెట్టనివ్వడం లేదట. ఊరికే ఎందుకు రానివ్వడు? ఆయన పోయాక ఇది ఏదో చేసుంటుందట. నాలుగు నోళ్లు తిరిగేసరికి చేసిన ఆ ఏదో ఎవరితోనో కూడా తేలిపోయింది.

ఒక ఆదివారం పంచాయతీ అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. వైకుంఠరావు కూడా వచ్చాడు. అరుగు ముందు కానుగచెట్టు ఉంది. నాగరత్నం దాని నీడకు ఇవతల, ఎండలో నిలబడింది. దమయంతి ఆవిడ పక్కన నిలబడింది.

"అందరి మంచీ ఆలోచించాలమ్మా" అన్నాడు పోలినాయుడు ఇబ్బందిగా. "ఆ సీమలు లేకపోతే తోటల్లేవు. నువ్వుంటే సీమలు ఊరుకోవు."

వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. "హైవే పక్కన నా స్థలం ఉంది. ఒక్క చెట్టు కూడా లేదు. అక్కడ గది వేయిస్తాను, ఆవిడ ప్రశాంతంగా ఉంటుంది. తోట సంగతి దిగులు పెట్టుకోవద్దు, నేను చూసుకుంటాను. తవిటినాయుడు నాకు పరాయివాడా?"

జనంలో గుసగుస. సబబుగానే ఉందన్నట్టు. వెనకనించి జగ్గమ్మ, "మొగుడే వొద్దన్న తోట ఇంకెవులు సూసుకుంటే ఏటి?" అంది, అందరికీ వినబడేలా.

దమయంతి ముందుకు నడిచి కానుగ నీడలో నిలబడింది. ఆమె మీద ఒక్క చీమ కూడా పడలేదు.

"మా అన్నయ్య చీమలవలేదు. మా వదిన ఏ తప్పూ చెయ్యలేదు. ఆ చీమలకి నేర్పింది నేను. దోమ ఒక్కటే కాదు, మనిషి వాసన కూడా నేర్పాను. ఆ రోజు సభలో ఈయన కప్పుకున్న శాలువా తీసుకుపోయి నేర్పాను. అది మా అన్నయ్యదని, వాళ్లిద్దరూ కప్పుకున్నదని నాకు తెలియదు."

అర్థం కావడానికి అందరికంటే తక్కువ సేపు పట్టింది వైకుంఠరావుకే.

"అంటే... ఇది నాకు పెట్టిందా?" అంటూ కానుగచెట్టు వైపు తలెత్తి చూసి, కుర్చీతో సహా ఎండలోకి జరిగాడు.

"మీకే" అంది దమయంతి. "దోమ తెచ్చింది మీరు. దుమ్మని కడిగి అమ్మింది మీరు. మా అన్నయ్య చావుకి మా అన్నయ్యనే తప్పు పట్టింది మీరు. మీకు ఈ భూమ్మీద జానెడు నీడ దొరక్కూడదనుకున్నాను."

"విన్నారా? విన్నారా అందరూ? పోలీసుల్ని పిలవండి. ఈవిడ డాక్టరు కాదు, హంతకురాలు!" మెత్తటి గొంతు అరిచింది. "తెలీక తెచ్చినవాణ్ణి నేను. తెలిసి చేసింది ఈవిడ!"

ఆ మాటకు దమయంతి తల దించుకుంది.

పోలినాయుడు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మరి దాన్ని తిప్పలేవేటమ్మా?"

"నేర్పింది చెరపలేను బాబాయ్. అన్ని రకాలుగా చూశాను. కొత్తది నేర్పగలను, అంతే."

అప్పుడు అందరూ నాగరత్నం వైపు తిరిగారు. ఆవిడ ముఖం మీద పాత కాట్లు నల్లటి మచ్చలై ఉన్నాయి. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని కంచంలో అన్నం పెట్టించుకున్న ఆడపడుచే ఈ పని చేసిందని ఇప్పుడే వింది. జుట్టు పట్టుకుంటుందేమోనని ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చి సిద్ధంగా నిలబడ్డారు.

"అన్యాయమైపోయింది రత్నం నీకు" అన్నాడు పోలినాయుడు. "సెప్పు. నీ ఆడపడుచుని ఏటి సెయ్యమంటావు?"

నాగరత్నం దమయంతిని చూసింది. తర్వాత వైకుంఠరావుని అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"దాన్ని మళ్లీ పాకం పెట్టమనండి" అంది. "ఈ మారాజు ఒంటిమీద సొక్కా ఇప్పించండి."